మా బంతి నాలుగు పిల్లల్ని పెట్టింది, ఒకటి పాలు తాగడం లేదు. ఎవరైనా మెలకువగా ఉన్నారా?

అయ్యకోనేరు_గట్టు (విజయనగరం) | జనవరి 8, రాత్రి 11:42

మా షిట్జూ కుక్క బంతి సాయంత్రం నుంచి నొప్పులు పడి నాలుగు పిల్లల్ని పెట్టింది. ఇంకా నాలుగు రోజులు టైముంది అనుకున్నాం. మూడు బాగానే తాగుతున్నాయి. ఆఖరుది మరీ ఎలక్కూనంత ఉంది. చన్ను అందించినా పట్టదు, సన్నగా మూలుగుతోంది. కింద వాటాలో స్వీట్ షాపు వాళ్లుంటారు, వాళ్ల కాటా మీద పెడితే 98 గ్రాములు. మిగతావన్నీ 150 దాటాయి. ఆవుపాలు వెచ్చచేసి దూదితో పిండనా? మా ఆయన ఊళ్ళో లేరు. డాక్టరు గారు ఫోను ఎత్తడం లేదు. చేతులు వణుకుతున్నాయి.

గరివిడి_కుర్రాడు | 11:49

అక్కా, పాలు ఇప్పుడే పట్టకండి. చిటికెన వేలు కడుక్కుని దాని నోట్లో పెట్టి చూడండి. లోపల వెచ్చగా ఉందా, చల్లగా ఉందా?

అయ్యకోనేరు_గట్టు | 11:53

చల్లగా ఉంది. వేలు చప్పరించడం కూడా లేదు.

గరివిడి_కుర్రాడు | రాత్రి 12:02

అయితే దానికి ఇప్పుడు కావలసింది పాలు కాదు, వేడి. పుట్టిన పిల్లలకి మొదటి రెండు మూడు వారాలు ఒంట్లో వేడి నిలుపుకోవడం చేతకాదు. అమ్మ వేడి, గూడు వేడే వాటి వేడి. ఒళ్ళు చల్లబడితే పేగు కూడా ఆగిపోతుంది. అలాంటప్పుడు పాలు పోస్తే అరగదు, పొట్ట ఉబ్బుతుంది, లేదంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ముందు దాన్ని తువ్వాలుతో పొడిగా తుడిచి, మీ జాకెట్టు లోపల గుండెలకి ఆనించి పెట్టుకోండి. ఈలోగా ఒక సీసాలో వేడినీళ్లు పోసి రెండు మడతల తువ్వాలు చుట్టండి. సీసాని మీ బుగ్గకి ఆనించుకుంటే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. ఒక్కసారిగా వేడి చేయొద్దు. గంట, గంటన్నర పట్టినా పర్లేదు. పిల్ల కదిలి, వేలు పెడితే చప్పరించడం మొదలెట్టాక నేరుగా అమ్మ దగ్గర పెట్టండి. మొదటి రోజు ముర్రుపాలు పడాలి, వాటిలోనే రోగాలని తట్టుకునే శక్తి ఉంటుంది. ఒక రోజు దాటితే దాని పేగు ఆ శక్తిని పీల్చుకోలేదు.

నేను పశువైద్య విద్యార్థిని, ఇంకా డాక్టర్ని కాలేదు. తెల్లారగానే మీరు డాక్టరుకి చూపించాల్సిందే.

పాత_పాడి (గజపతినగరం) | 12:20

ఇంత హడావిడి దేనికండీ. మా ఇంట్లో నలభై ఏళ్లుగా కుక్కలున్నాయి. ఆవుపాలే పోశాం, అన్నీ బతికాయి.

బొబ్బిలి_పెద్దమ్మ | 12:31

అన్నీ బతికాయంటే, బతికినవే గుర్తుంటాయి బాబూ.

అమ్మా గట్టూ, నేను మేలుకునే ఉంటాను. నాకెలాగూ నిద్ర పట్టదు. అరగంటకోసారి ఇక్కడ రాస్తూ ఉండు.

అయ్యకోనేరు_గట్టు | రాత్రి 1:37

కదులుతోంది!! వేలు చప్పరిస్తోంది. బంతి దగ్గర వెనకవైపు చన్నుకి పట్టించాను. రెండుసార్లు జారిపోయింది, మూడోసారి పట్టింది. ఏడుపొస్తోంది నాకు.

బొబ్బిలి_పెద్దమ్మ | 1:40

వెనక చన్నుల్లోనే పాలెక్కువ. మిగతా మూడు మొండి ఘటాలు దాన్ని తోసేస్తాయి, కాపలా ఉండు. కాసేపు ఆ మూడింటినీ పక్కకి తీసి దీన్నొక్కదాన్నే తాగనీ.

గరివిడి_కుర్రాడు | జనవరి 9, ఉదయం 6:15

ఆవుపాల మాట తేల్చేస్తాను మాస్టారూ. కుక్కపాలల్లో మాంసకృత్తులు, కొవ్వు ఆవుపాలకి దాదాపు రెట్టింపు. పాలచక్కెర మాత్రం ఆవుపాలల్లోనే ఎక్కువ. అందుకే ఆవుపాలు తాగిన కూన పొట్ట నిండినట్టే ఉంటుంది గానీ బరువు పెరగదు, పైగా విరేచనాలు పట్టుకుంటాయి. మేకపాలూ అంతే. కుక్కపిల్లల కోసం చేసిన పాలపొడి పెట్ షాపుల్లో దొరుకుతుంది. మన దగ్గర లేకపోతే విశాఖ నుంచి బస్సులో తెప్పించుకోవచ్చు. ఒక్క రాత్రి గడవాలంటే చిక్కటి పాలల్లో గుడ్డు పచ్చసొన (తెల్లసొన వద్దు) కలిపి పట్టొచ్చు. అది ఆపద్ధర్మం, అలవాటు చేయకూడదు.

ఎంత పట్టాలంటే, వంద గ్రాముల పిల్ల పొట్టలో నాలుగు మిల్లీలీటర్లకి మించి పట్టదు. మొదట రెండుతో మొదలెట్టండి, రెండు మూడు గంటలకోసారి. సూది తీసేసిన చిన్న సిరంజితో చుక్కచుక్కగా వేయాలి. ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని మనుషుల పిల్లలకి పట్టినట్టు పట్టొద్దు. బోర్లా ఉంచి తల కొంచెం ఎత్తాలి. ముక్కులోంచి పాలొస్తే వెంటనే ఆపేయండి.

అయ్యకోనేరు_గట్టు | జనవరి 9, మధ్యాహ్నం 2:10

డాక్టరు గారికి చూపించాం. బొడ్డులకి అయోడిన్ రాశారు. అంగిలి చీలిక లేదన్నారు. చిన్నదానికి మా పాప 'నలక' అని పేరు పెట్టింది. రోజుకి రెండుసార్లు తూచమన్నారు. ఈరోజు 96.

పలాస_జీడితోట | జనవరి 9, సాయంత్రం 7:30

మొదటి రోజు ఆ మాత్రం తగ్గడం మామూలే అక్కా. రేపటి నుంచి మాత్రం పెరగాలి. పది రోజులకల్లా పుట్టిన బరువుకి రెట్టింపు కావాలని లెక్క.

గూడు సంగతి చెప్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా పొమేరియన్ పిల్లలు తొమ్మిది రోజులవి. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు పడిపోయి దారుల్లేవు, రోజుల తరబడి కరెంటు లేదు. బల్బు పెట్టి వెచ్చగా ఉంచుదామనుకున్న మా తెలివి అక్కడితో సరి. వాన్లో తడవని కర్రలు ఏరి కిరోసిన్‌తో పొయ్యి రాజేసి, నీళ్లు కాచి, కూల్‌డ్రింకు సీసాల్లో పోసి పాత దుప్పటి ముక్కలు చుట్టి పెట్టేవాళ్లం. గంటన్నరకి చల్లారిపోయేవి. మా నాన్నగారు, నేను వంతులేసుకుని మార్చాం. ఐదింటికి ఐదూ నిలబడ్డాయి. ఇంటి పైకప్పు మాత్రం నిలబడలేదు.

కాబట్టి బల్బు మీద ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. పెట్టినా అట్టపెట్టెలో ఒక మూలకే పెట్టు, రెండో మూల చల్లగా ఉండాలి. పిల్లలు గుట్టగా ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలేస్తున్నట్టు. దూరదూరంగా కాళ్లు చాపి, నోళ్లు తెరిచి పడుకుంటే వేడెక్కువైనట్టు. థర్మామీటరుంటే మొదటి వారం గూట్లో 30 డిగ్రీల అటూ ఇటూ, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ పో.

అయ్యకోనేరు_గట్టు | జనవరి 12, ఉదయం 5:20

నలక 108 గ్రాములు. అది బాగానే ఉంది.

మూడోది పోయింది. అన్నింట్లోకీ బొద్దుగా ఉన్నది, 172 గ్రాములతో పుట్టినది. దాని గురించి ఒక్కరోజు కూడా బెంగపడలేదు, కాటా మీద కూడా చివరన పెట్టేదాన్ని. రాత్రి బంతి గోడకి ఆనుకుని పడుకుంది, అది మధ్యలో ఇరుక్కుంది. నేను నలకకి రెండింటికి పాలు పట్టి పక్కనే పడుకున్నాను. అరుపు వినపడలేదు. దానికింకా పేరు కూడా పెట్టలేదు.

బొబ్బిలి_పెద్దమ్మ | 5:41

అయ్యో తల్లీ. నీ తప్పేమీ లేదు, అది తల్లి తప్పూ కాదు. ఆ ఒంటినిండా జుట్టుతో దానికి కింద ఏముందో తెలియదు.

పలాస_జీడితోట | 6:05

నేనే ముందు చెప్పాల్సింది అక్కా, గూడు గురించి అంత రాసి ఇది మర్చిపోయాను. పెట్టె లోపల నాలుగు గోడల పొడుగునా, నేలకి నాలుగు వేళ్ల ఎత్తులో ఒక కర్ర పట్టీ గానీ, ప్లంబింగ్ పైపు గానీ బిగించాలి. తల్లి గోడకి ఆనుకున్నా ఆ పట్టీ కింద పిల్లకి చోటుంటుంది. ఈరోజే పెట్టించండి. పరుపులు, మెత్తటి దిళ్లు తీసేయండి, వాటిలో కూరుకుపోతాయి. బిగుతుగా పరిచిన దుప్పటి చాలు.

అయ్యకోనేరు_గట్టు | జనవరి 13, రాత్రి 9:15

పైపు పెట్టించాం. అయ్యకోనేరు పక్క హార్డ్‌వేర్ షాపతను కోసి ఇచ్చి, సంగతి విని డబ్బులు తీసుకోలేదు.

రేపు భోగి. విశాఖ నుంచి ఆడపడుచు వాళ్లు ఎనిమిది మంది వస్తున్నారు. అందరూ వీడియో కాల్‌లో "పప్పీలు పప్పీలు" అని ఒకటే గోల. ఏం చేయను?

గరివిడి_కుర్రాడు | 9:32

గదికి గొళ్లెం వేయండి. మొహమాటపడకండి. ఆ ఎనిమిది మంది చెప్పులు కూడా ఆ గది గుమ్మం దాటకూడదు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ చెప్పుల అడుగున ఇంటికొస్తుంది, నేల మీద నెలల తరబడి బతుకుతుంది. కొత్తవాళ్లు ముట్టుకుంటే తల్లి కంగారుపడి పిల్లల్ని నోట కరుచుకుని మంచాల కిందికి మారుస్తుంది. భోగిమంట పొగ గదిలోకి రాకుండా కిటికీ మూయండి.

రాజాం_ఎక్స్‌ప్రెస్ | 9:40

ఆడపడుచుకి గొళ్లెం వేయమంటున్నావా తమ్ముడూ, కుక్కలకా?

అయ్యకోనేరు_గట్టు | జనవరి 16, రాత్రి 10:50

కనుమ కూడా గడిచింది. గుమ్మం దగ్గర నుంచే చూసి వెళ్లారు. ఒకరు మాత్రం అలిగారు. మిగిలిన ఇద్దరికీ పేర్లు పెట్టాం: అరిసె, గారె. నలక 171.

అయ్యకోనేరు_గట్టు | జనవరి 21, సాయంత్రం 6:02

నలక ఎడమ కన్ను తెరిచింది! ఒక్కటే. కన్ను కొట్టినట్టుంది.

గరివిడి_కుర్రాడు | 6:20

పది నుంచి పద్నాలుగు రోజుల్లో తెరుస్తాయి, పదమూడో రోజంటే టైముకే. రెండోదాన్ని మీరు తెరవకండి. రెప్ప కింద ఉబ్బినా, చీము కనిపించినా డాక్టరుకి చూపించండి. చెవులు ఇంకో నాలుగైదు రోజులకి. రేపు రెండు వారాలు కదా, మొదటి నులిపురుగుల మందు అడగండి. తల్లిపాల ద్వారానే నులిపురుగులు వస్తాయి కాబట్టి తల్లికి కూడా. ఆ తర్వాత రెండేసి వారాలకోసారి. మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి, ఇక్కడ అడిగి వేయకండి.

అయ్యకోనేరు_గట్టు | జనవరి 25, రాత్రి 8:14

బంతి వింతగా చేస్తోంది. సాయంత్రం నుంచి నోరు తెరిచి వగరుస్తోంది, చలికాలంలో! పిల్లల్ని వదిలేసి గది చుట్టూ తిరుగుతోంది. మొహం గోడకి రుద్దుకుంటోంది. వెనక కాళ్లు కర్రల్లా పెట్టి నడుస్తోంది. పంటి నొప్పేమో అంటున్నారు మా అత్తయ్య.

గరివిడి_కుర్రాడు | 8:17

అక్కా, ఇది చదివిన వెంటనే బయల్దేరండి. ఇది కాల్షియం పడిపోవడం. పిల్లలకి పాలిచ్చే చిన్న జాతి కుక్కల్లో రెండో, మూడో వారంలో వస్తుంది. ఇప్పుడు బిగుసుకోవడం, తర్వాత వణుకు, తర్వాత ఫిట్స్. గంటల్లో ప్రాణం పోతుంది. నోట్లో మాత్రలు, టానిక్కు పోయకండి, మింగలేదు. పిల్లల్ని దాని దగ్గర నుంచి తీసేయండి. కారులో ఏసీ వేయండి, ఒళ్ళు కాలిపోతూ ఉంటుంది. ఏ డాక్టరు తలుపు తెరిచి ఉంటే ఆ డాక్టరు.

బొబ్బిలి_పెద్దమ్మ | 8:19

వెళ్లు తల్లీ. రాయడం తర్వాత.

అయ్యకోనేరు_గట్టు | జనవరి 26, ఉదయం 7:05

బతికింది. దారిలో కంటోన్మెంటు దాటేసరికి వణుకు మొదలైంది. డాక్టరు గారు స్టెతస్కోపు గుండెకి ఆనించి వింటూ, నరానికి కాల్షియం చాలా నెమ్మదిగా ఎక్కించారు. సగం అయ్యేసరికి కాళ్లు వదులయ్యాయి. అయిపోయాక తోక ఊపింది. ఈ రోజంతా పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దన్నారు. అందుకే మూడింటికీ పాలపొడి, సిరంజి, రాత్రంతా జాగారం.

నాకొకటి అర్థం కావడం లేదు. కడుపుతో ఉన్నప్పుడు రెండు నెలలూ కాల్షియం టానిక్ మానకుండా పోశాను. కుక్కల సామాన్ల షాపులో బలమని ఇచ్చారు. అన్ని పోసినా ఎందుకొచ్చింది?

గరివిడి_కుర్రాడు | 7:40

పోసినందుకే వచ్చి ఉండొచ్చు అక్కా. ఎముకల్లోంచి కాల్షియం తీసి రక్తంలోకి పంపే పని పారాథైరాయిడ్ గ్రంథిది. కడుపుతో ఉండగా బయట నుంచి రోజూ పోస్తుంటే, ఎలాగూ వస్తోంది కదా అని అది బద్ధకిస్తుంది. కాన్పయ్యాక పాలకి ఒక్కసారిగా బోలెడు కావలసొచ్చేసరికి అందుకోలేదు. కడుపుతో ఉన్నప్పుడు కావలసింది మంచి తిండి, ఆఖరి వారాల్లో కుక్కపిల్లల దాణా లాంటి బలమైన తిండి. కాన్పు తర్వాత ఇవ్వాలా వద్దా, ఎంత అన్నది డాక్టరు చెప్తారు. బంతికి ఒకసారి వచ్చింది కాబట్టి మళ్లీ పిల్లల్ని పెడితే మళ్లీ రావచ్చు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి ఆలోచించండి.

పాత_పాడి | 8:15

మా గేదెలకి ఈనగానే వచ్చే పాలజ్వరం లాంటిదే అన్నమాట. వాటికీ ఇలాగే నరానికి ఎక్కిస్తారు. ఈ మాట మాత్రం నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను.

అయ్యకోనేరు_గట్టు | ఫిబ్రవరి 9, ఉదయం 11:00

పిల్లలు నెల దాటాయి. నానబెట్టిన దాణా మెత్తగా చేసి పళ్ళెంలో పెడితే తినడం కంటే దాన్లో దొర్లడమే ఎక్కువ. ఇప్పుడు అసలు సమస్య బంతి జుట్టు. నెలరోజులుగా దువ్వెన పెట్టలేదు. చంకల్లో, చెవుల వెనక, పొట్ట మీద, తోక కింద పాలు, మైల కలిసి చాపలా అట్టకట్టింది. స్నానం చేయిస్తే వదులుతుందా?

శ్రీకాకుళం_కత్తెర | 12:25

చెల్లీ, స్నానం చేయించావో, ఆ చాప కాస్తా కొబ్బరిపీచు తాడవుతుంది. చిక్కు తీశాకే నీళ్లు. నాకు పొడుగు జుట్టు లాసా కుక్కలు రెండున్నాయి, బయటి గ్రూమింగ్‌కి పంపను, పదేళ్లుగా ఇంట్లోనే. ఏడు రోడ్ల కూడలిలో కొన్న నాలుగు వస్తువులతో పని గడుస్తోంది: వంపు తీగల స్లిక్కర్ బ్రష్, వెడల్పు పళ్లూ సన్న పళ్లూ కలిసిన స్టీలు దువ్వెన, మొన మొండిగా ఉండే కత్తెర, గోళ్ల కటర్. మొహానికి మాత్రం మన పేల దువ్వెనే. కళ్ల కింద ఎండిన పుసిని దానంత శుభ్రంగా ఏదీ తీయదు, గోరువెచ్చని నీటి దూదితో నానబెట్టి తీయాలి.

చిక్కు మీద కాస్త మొక్కజొన్న పిండి చల్లి వేళ్లతో విడదీయి. చిక్కుకీ చర్మానికీ మధ్య వేళ్లు అడ్డం పెట్టి, కొసల నుంచి మొదలెట్టి కుదుళ్ల వైపు రావాలి. మనం జడ చిక్కు తీసుకునేటప్పుడు చేసేదే. తొందరపడి కత్తెరతో పైకెత్తి కత్తిరించకు. చిక్కుని లాగితే చర్మం కూడా గుడారంలా లేస్తుంది, కత్తెరకి అదే తెగుతుంది. నేను మొదటి ఏడాది మా పెద్దదాని చంకలో అలాగే కోసి మూడు కుట్లు వేయించాను. చంకలో అయితే స్టీలు దువ్వెనని చర్మానికి ఆనించి దూర్చి, దువ్వెనకి ఇవతల మాత్రమే కత్తిరించు. చర్మానికే అతుక్కుపోయిన చాపకి మిషనే గతి.

బొబ్బిలి_పెద్దమ్మ | 12:50

చన్నుల చుట్టూ, తోక కింద వెంట్రుకలు కాన్పుకి వారం ముందే పొట్టిగా కత్తిరించి ఉంటే ఇంత ఉండేది కాదు. పిల్లల మెడకి, కాలికి పొడుగు వెంట్రుక చుట్టుకుని బిగిసిన సంగతులు నేను చూశాను.

రాజాం_ఎక్స్‌ప్రెస్ | ఫిబ్రవరి 9, సాయంత్రం 5:10

ఎందుకొచ్చిన గొడవ, మొత్తం గుండు కొట్టించేస్తే? వేసవి కూడా వస్తోంది.

శ్రీకాకుళం_కత్తెర | 5:45

షిట్జూకి, లాసాకి పొట్టి క్రాపు చేయించొచ్చు, వాటి జుట్టు మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. చర్మం కనిపించేదాకా మాత్రం వద్దు, ఎండకి కమిలిపోతుంది. పొమేరియన్ జోలికి అస్సలు వెళ్లకు తమ్ముడూ. దానికి కింద నూగు, పైన ముతక జుట్టు అని రెండు పొరలు. ఆ పైపొరే ఎండని ఆపేది. గీసేస్తే కొన్నింటికి ఏడాదైనా సరిగ్గా రాదు.

పలాస_జీడితోట | 6:30

వచ్చినా మచ్చలు మచ్చలుగా వస్తుంది. మాది అలాగే అయ్యింది, రెండు సంక్రాంతులు పంచె కట్టినట్టు తిరిగింది.

మాది కొబ్బరి ఊరు కదా, నూనె రాస్తే చిక్కు జారుతుందని మా అమ్మ సలహా. జారుతుంది గానీ ఆ తర్వాత వీధి దుమ్మంతా కుక్క మీదే. నాకి నాకి విరేచనాలు కూడా. చిక్కు దగ్గర ఒక్క చుక్క చాలు.

అయ్యకోనేరు_గట్టు | ఫిబ్రవరి 11, రాత్రి 9:00

రెండు రోజులు, పూటకి ఇరవై నిమిషాల చొప్పున చేశాను. బంతి ఓపిక పట్టింది, నాకే నడుం పట్టేసింది. చంకలు, పొట్ట అయ్యాయి. చెవుల వెనక రెండు ఉండలు కత్తిరించాను. ఇక స్నానం. మా పాప బేబీ షాంపూ వాడనా?

శ్రీకాకుళం_కత్తెర | 9:25

వద్దు. మన చర్మానికి కాస్త పులుపు గుణం, కుక్క చర్మానికి అది లేదు. కుక్కల షాంపూనే కొను, నీళ్లు కలిపి పలచన చేసుకుంటే సీసా ఆరు నెలలొస్తుంది. చెవుల్లో దూది ఉండలు పెట్టు, నీళ్లు పోతే చీము పడుతుంది. రుద్దడం గుండ్రంగా కాదు, జుట్టు వాలు వెంబడే. కడగడం మాత్రం అనుమానం తీరేదాకా కడుగు.

స్నానం కన్నా ఆరబెట్టడం ముఖ్యం. మన సముద్రపు గాలికి పొడుగు జుట్టు కుదుళ్ల దగ్గర తనంతట తాను ఆరదు, పైకి ఆరినట్టు కనిపిస్తుంది. ఆ తడికే చర్మం ఎర్రబడి చెమ్మగిల్లి పుండవుతుంది. తువ్వాలుతో అద్ది, డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి, పాయపాయగా విడదీస్తూ దువ్వు. పాలు పూర్తిగా మానాక స్నానం చేయిస్తే ఇంకా మంచిది. ఇప్పుడే అయితే పొట్ట మీద షాంపూ వాసన లేకుండా కడిగి, బాగా ఆరాకే పిల్లల దగ్గరికి పంపు.

అయ్యకోనేరు_గట్టు | ఫిబ్రవరి 17, సాయంత్రం 4:40

గారె చెవి మీద పిడుదు కనిపించింది. మా అమ్మమ్మ గోమారి అనేది. బంతికి మెడ మీద వేసే మందు మా దగ్గరుంది, దాన్లో సగం వేయొచ్చా?

గరివిడి_కుర్రాడు | 4:52

వద్దక్కా. పెద్దవాటి మందు సగం చేసినంత మాత్రాన పిల్లల మందు అయిపోదు. ఆరు వారాలు కూడా నిండలేదు. చాలా మందులు ఏడెనిమిది వారాలు దాటాకే, అదీ బరువు చూసి వేయాలి. పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగి, సబ్బునీళ్లలో వేయండి. గోళ్లతో చిదమొద్దు. కిరోసిన్ సలహాలొస్తాయి, వినకండి. రోజూ పేల దువ్వెనతో చెవులు, వేళ్ల సందులు వెతకండి. ఇంట్లో గోడల పగుళ్లలో ఇంకా ఉంటాయి, అక్కడ కూడా చూడాలి. బంతికి మాత్రం డాక్టరు చెప్పిన మందు వేయించండి. అది పాలిస్తోందని చెప్పి మరీ అడగండి. ఆరు వారాలు నిండగానే మొదటి టీకా.

బేరం_బాబు | ఫిబ్రవరి 18, ఉదయం 10:05

మేడమ్ మగపిల్ల ఉందా? ఈ ఆదివారం వచ్చి తీసుకెళ్తాను. చిన్నప్పుడే తీసుకెళ్తే బాగా మాలిమి అవుతుంది. రేటు చెప్పండి.

అయ్యకోనేరు_గట్టు | 10:30

అమ్మడం లేదండి. ఒకటి మా చెల్లికి, ఒకటి కింద స్వీట్ షాపు వాళ్లకి, కాటా అరువిచ్చిన పుణ్యానికి. అవి కూడా ఎనిమిది వారాలు నిండాకే.

గరివిడి_కుర్రాడు | 10:44

ఎనిమిది వారాల లోపు పిల్లల్ని అమ్మకూడదని 2017 కేంద్ర నిబంధనల్లోనే ఉంది సార్. మాలిమి మాటకొస్తే, ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిదానికి నొప్పెడుతుందో పిల్ల నేర్చుకునేది ఈ వారాల్లో తల్లి దగ్గర, తోడబుట్టినవాటి దగ్గరే. ముందే తెచ్చుకుంటే ఆ పాఠం మీ చేతివేళ్ల మీద నేర్చుకుంటుంది.

అయ్యకోనేరు_గట్టు | మార్చి 7, రాత్రి 8:35

అరిసె చెల్లి వాళ్లింటికి నిన్న వెళ్లింది. గారె కిందకే కాబట్టి రోజుకి నాలుగుసార్లు పైకొచ్చేస్తోంది. నలక మా దగ్గరే, 890 గ్రాములు. ఇప్పుడు స్వీట్ షాపు కాటాలో కూర్చోదు, దూకేస్తుంది.

ఒక సందేహం. బంతి జుట్టు గుప్పెళ్లతో రాలిపోతోంది. జబ్బా?

శ్రీకాకుళం_కత్తెర | 8:58

కాన్పయిన రెండు మూడు నెలలకి రాలుతుంది చెల్లీ, ఆడవాళ్లకి రాలినట్టే. చర్మం మీద ఎరుపు, దురద, గుండ్రటి మచ్చలు లేకపోతే బెంగ లేదు. పొట్టిగా క్రాపు చేయించడానికి ఇదే మంచి సమయం. నలకకి దువ్వెన అలవాటు చేశావా?

అయ్యకోనేరు_గట్టు | 9:10

బ్రష్ చూపిస్తే కరుస్తోంది. రెండు తీగలు వంచేసింది.

శ్రీకాకుళం_కత్తెర | 9:16

అయితే వారం రోజులు బ్రష్ వద్దు, ఉత్త చేతులే. రోజూ పాలు తాగి మత్తుగా ఉన్నప్పుడు ఒళ్లో పెట్టుకుని పాదాలు నొక్కు, వేళ్ల సందులు తడుము, చెవి మడత విప్పి చూడు. గోరు కొస ఒక్కటి, రోజుకి ఒక్కటే తుంచు. తెల్లగోరు అయితే లోపల గులాబీ రంగు గీత కనిపిస్తుంది, దానికి ఇవతలే ఆగాలి.

అయ్యకోనేరు_గట్టు | 9:20

నలకవి పదిహేడు తెల్లవి, ఒక్కటి నల్లది.

బొబ్బిలి_పెద్దమ్మ | 9:24

ఆ నల్లదాన్ని చివరకి ఉంచు. అది నిద్రపోయాక చేద్దువుగాని.